డబ్బు చెట్లకు కాయదని ఎవరు చెప్పారు?

మన పిల్లలు ఇంగ్లీష్ నేర్చుకుంటున్నారు. నేర్చుకోవాలి. అందులో రెండో మాట లేదు. ఇంగ్లీష్ రానందుకు దళిత బిడ్డలు, ఆదివాసీ బిడ్డలు ఇంటర్వ్యూ గదుల్లోంచి తల దించుకుని బయటికొచ్చిన రోజులు చాలు. కాబట్టి ఇది ఇంగ్లీష్ మీద కోపంతో రాస్తున్న వ్యాసం కాదు. ఇంగ్లీష్‌తో పాటు మన ఇళ్లలోకి, మన యౌవనస్థుల కూడికల్లోకి, చివరికి మన పుల్పిట్ల మీదికి వచ్చి కూర్చున్న ఒక అబద్ధం మీద రాస్తున్న వ్యాసం.

ఏ స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకం తిరగేసినా ‘ఇడియమ్స్’ అని ఒక పాఠం ఉంటుంది. అందులో డబ్బు గురించినవి గంపెడు. ‘మనీ డజంట్ గ్రో ఆన్ ట్రీస్’, ‘సిట్టింగ్ ఆన్ ఎ గోల్డ్‌మైన్’, ‘మేక్ ఎ కిల్లింగ్’, ‘టైమ్ ఈజ్ మనీ’, ‘సెల్ఫ్ మేడ్ మ్యాన్’. పిల్లలు వీటిని అర్థాలతో సహా బట్టీ పడతారు. మోటివేషన్ స్పీకర్లు వీటినే మైకులో అరుస్తారు. ఈ మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వాటి వెనక ఒక విశ్వాస ప్రమాణం ఉంది. ఎవరూ లేచి నిలబడి దాన్ని చదవరు గానీ అందరూ నమ్ముతారు. ధనం ఒక మనిషి తెలివి వల్లో, కష్టం వల్లో, అదృష్టం వల్లో వస్తుంది. వచ్చిన ధనాన్ని మెచ్చుకోవాలి. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని మాత్రం అడగకూడదు.

నేను అడగమంటున్నాను. కోరాపుట్, రాయగడ కొండల దగ్గర నిలబడి అడగమంటున్నాను.

అక్కడే ఎందుకు? ఆ కొండలు తెలుగువాళ్లకు పరాయివి కావు కాబట్టి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992లో ఆ పెద్ద జిల్లాను విడగొట్టి రాయగడ, నవరంగపూర్, మల్కాన్‌గిరి జిల్లాలు చేశారు. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. నాగావళి రాయగడ మీదుగానే పార్వతీపురం వైపు దిగుతుంది. వంశధార కూడా ఆ కొండల నీళ్లు తెచ్చుకునే మన దగ్గరికొస్తుంది. ఆ కొండల్లో ఏం జరిగినా శ్రీకాకుళం పొలానికి సంబంధం ఉంది. ఆ కొండల మీద బాక్సైట్ ఉంది. బాక్సైట్ ఉన్నచోట ఇంగ్లీష్ జాతీయాలకు అసలు అర్థం తెలుస్తుంది.

చెట్లకు కాసే డబ్బు

‘మనీ డజంట్ గ్రో ఆన్ ట్రీస్.’ పిల్లాడు కొత్త ఫోన్ అడిగితే మన తెలుగు నాన్నలూ ఇదే అంటారు: డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?

రాయగడ జిల్లాలో చాటికొన సంతకు బుధవారం నాడు వెళ్లి ఈ మాట అనండి. నియమగిరి మీది నుంచి డోంగ్రియా కోంధ్ ఆడవాళ్లు కావళ్లతో, గంపలతో దిగుతారు. అనాస, అరటి, పనస, అల్లం, పసుపు. అడవిలోంచి అడ్డాకు, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, కొండచీపుళ్లు. వాళ్లకు డబ్బు చెట్లకే కాస్తుంది. తీగలకు కాస్తుంది. దుంపల్లో ఊరుతుంది. మన ఉత్తరాంధ్ర పెళ్లిళ్లలో వేసిన అడ్డాకు విస్తళ్లలో ఎన్ని ఆ కొండల నుంచి వచ్చినవో ఎవరు లెక్కపెట్టారు?

ఇదేదో స్వర్గం అని నేను చెప్పడం లేదు. చెట్టుకు కాసిన డబ్బు సంతలో తూకం దగ్గర దళారి సంచిలోకి జారిపోతుంది. ధర చెప్పేది పండించిన తల్లి కాదు, కొనేవాడు. అయితే గమనించండి: అక్కడ లోటు చెట్టు దగ్గర లేదు, తూకం దగ్గర ఉంది. ఇంగ్లీష్ జాతీయం తూకాన్ని వదిలేసి చెట్టును నిందిస్తుంది. అదీ దాని మోసం.

కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో ఒకటిగా గుర్తించింది. అదే కోరాపుట్‌లో పాట్రపుట్ గ్రామానికి చెందిన పరజా ఆదివాసీ మహిళ కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలను దశాబ్దాల పాటు కాపాడారు. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆమె కన్నుమూశారు. ఏ ఇడియమ్ ప్రకారం ఆమె ధనవంతురాలు? ఏ ఇడియమ్‌లోనూ ఆమెకు చోటు లేదు. ఎందుకంటే ఆమె విత్తనాలు పోగేసింది తాళం వేసుకోవడానికి కాదు.

ఎవరి గోల్డ్‌మైన్?

‘సిట్టింగ్ ఆన్ ఎ గోల్డ్‌మైన్.’ బంగారు గని మీద కూర్చుని కూడా వాడుకోవడం తెలియని అమాయకుడు అని దీని భావం. ఆదివాసుల గురించి చదువుకున్నవాళ్లు తరచూ అనే మాట ఇది. అంత ఖనిజం కింద పెట్టుకుని ఆకలితో ఉన్నారేంటండీ వీళ్లు?

మంచి ప్రశ్న. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకునే తీసుకుందాం. 2001 వానాకాలంలో అక్కడ మామిడి టెంకల పిండితో కాచిన జావ తాగి జనం చనిపోయారు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆకలి చావులు కావు, టెంకలు పాడైపోవడం వల్ల అని ప్రభుత్వం వాదించింది. బియ్యం ఉన్న ఇంట్లో ఎవరైనా పాడైన టెంకలు తింటారా అని ఆ వాదనకు జవాబు అడగాల్సింది మనం. ఆ కాశీపూర్ ప్రాంతంలోనే బాఫ్లిమాలి కొండ ఉంది. ఆ కొండ బాక్సైట్ కోసం 1990ల మొదట్లోనే ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టు వచ్చింది. అంటే కింద ఎంత ఖనిజముందో టన్నులతో సహా లెక్క తెలుసు. పైనున్న ఇంట్లో ఎన్ని గింజలున్నాయో మాత్రం ఎవరూ లెక్క తీయలేదు.

మన భాషలో ఒక మాట ఉంది: నాలుగు రాళ్లు వెనకేసుకోవడం. పొదుపుకు మనం పెట్టుకున్న ముద్దుపేరు. మరి ఒక కొండ రాళ్లన్నీ ఎవరు వెనకేసుకుంటున్నారు? కోరాపుట్ జిల్లాలో నాల్కో సంస్థ 1980ల నుంచి పంచపట్మాలి కొండను తవ్వుతోంది. దామన్‌జోడిలో శుద్ధి చేస్తుంది. అల్యూమినా కొంత అంగుల్‌కు పోతుంది, కొంత మన విశాఖ ఓడరేవు నుంచి విదేశాలకు పోతుంది. ఒక టన్ను అల్యూమినియం రావాలంటే నాలుగైదు టన్నుల బాక్సైట్ కావాలి. మిగిలేది ఎర్ర బురద. కొండ పక్కనుండే తల్లి మాత్రం ఆ అల్యూమినియం గిన్నెనే సంతలో డబ్బులిచ్చి కొనుక్కోవాలి.

మనకే ఇంకో సామెత ఉంది: కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. సోమరిని తిట్టడానికి వాడతాం. ఈ సామెతను కోరాపుట్‌కు తీసుకెళ్లండి. కొండ నిజంగానే కరుగుతోంది. కూర్చున్నది ఎవరు? తిన్నది ఎవరు? తెల్లారకముందే లేచి పోడుకు వెళ్లే కోంధ్ మనిషి కాదు కదా!

మేక్ ఎ కిల్లింగ్

తక్కువ కాలంలో పెద్ద లాభం కొట్టడాన్ని ఇంగ్లీష్‌లో ‘మేక్ ఎ కిల్లింగ్’ అంటారు. చంపడం అనే మాటతో లాభాన్ని చెప్పే భాష అబద్ధమాడుతోందని నేను అనను. ఒక్కోసారి భాష తనకు తెలియకుండానే నిజం చెప్పేస్తుంది.

2000 డిసెంబర్ 16. కాశీపూర్ ప్రాంతంలో మైకంచ్ గ్రామం. బాక్సైట్ ప్రాజెక్టు వద్దంటున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ ప్రాజెక్టులో వాటా ఉన్న విదేశీ కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి తప్పుకున్నాయి. ప్రాజెక్టు మాత్రం ఆగలేదు. ఇప్పుడు అది హిండాల్కో చేతిలో ఉంది. 2013 నుంచి రిఫైనరీ నడుస్తోంది. కంపెనీ వార్షిక నివేదికల్లో ఉత్పత్తి అంకెలుంటాయి. మైకంచ్ ముగ్గురిని ఏ పద్దు కింద రాస్తారు?

కూలివాడి జీతం బిగబట్టిన పొలంలోంచి ఆ జీతమే కేక పెడుతుందని, ఆ కేక సైన్యాల అధిపతి చెవిన పడిందని యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో రాశాడు. హేబెలు రక్తం నేలలోంచి మొరపెట్టిందని ఆదికాండం నాలుగో అధ్యాయం. మన దేవునికి లాభం లెక్క వినపడేముందు రక్తం లెక్క వినపడుతుంది.

నీళ్లు పెరిగాయి, పడవలేవీ?

‘ఎ రైజింగ్ టైడ్ లిఫ్ట్స్ ఆల్ బోట్స్.’ పోటు వస్తే పడవలన్నీ పైకి లేస్తాయి. దేశం ధనికమైతే పేదలూ బాగుపడతారని దీని సారం. అమెరికా అధ్యక్షుడు కెనడీ 1963 అక్టోబరులో ఈ మాట వాడింది ఎక్కడో తెలుసా? ఆర్కన్సాస్ రాష్ట్రంలో ఒక డ్యామ్ ప్రారంభోత్సవంలో.

పాత కోరాపుట్‌కు డ్యాములు కొత్త కాదు. మాచ్‌ఖండ్, కొలాబ్, ఇంద్రావతి, బలిమెల. నిజంగానే నీళ్లు పెరిగాయి. లేచింది పడవలు కాదు. మునిగింది ఊళ్లు. ఆనాడు కోరాపుట్‌లో భాగమైన మల్కాన్‌గిరిలో బలిమెల జలాశయం నిండాక 151 గ్రామాలు నీళ్లకు అవతల చిక్కుకుపోయాయి. ‘కట్ ఆఫ్ ఏరియా’ అని ఇంగ్లీష్‌లోనే పేరు పెట్టారు. ఆసుపత్రికి పోవాలంటే లాంచీ, రేషన్‌కు పోవాలంటే లాంచీ. ఆ నీటి మీద గురుప్రియ వంతెన 2018 జూలై 26న ప్రారంభమైంది. అప్పటికి నాలుగు దశాబ్దాలు దాటిపోయాయి. ఆ వంతెన పొడవు ఒక కిలోమీటరు కూడా లేదు.

ఇందులో మనకేం సంబంధం అనుకోకండి. మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. బలిమెల నీళ్లలో ఆంధ్రకు సగం వాటా. మనం లైటు వేసుకుని బైబిలు చదువుకున్న రాత్రుల్లో కొన్నిటి వెలుగు ఆ మునిగిన ఊళ్ల మీదుగా వచ్చింది. దానికి కృతజ్ఞత చెప్పే ఒక్క ప్రార్థన మన సంఘాల్లో వినిపించిందా?

టైమ్ ఈజ్ మనీ

1748లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక యువ వ్యాపారికి సలహాగా రాసిన మాట ఇది. కాలమే డబ్బు, వృథా చేయకు అని మన యువతకు కూడా చెబుతారు. మంచిదే. కానీ కోరాపుట్‌లో ఈ మాట అక్షరాలా అమలైంది. దాన్ని గోతి అన్నారు. ఆదివాసీ చిన్న అప్పు తీసుకుంటాడు. తీర్చడానికి డబ్బు ఉండదు. తన ఏళ్లను ఇస్తాడు. సాహుకారు పొలంలో ఒక సంవత్సరం, రెండు సంవత్సరాలు, ఆ తర్వాత కొడుకు. మనిషి కాలం నిజంగానే సాహుకారుకు డబ్బైంది. ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో వచ్చిన ‘పరజా’ నవలలో ఈ బతుకునే చూపించారు. 1948లో ఒడిశా దీన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం వచ్చాక గోతి పేరు పోయింది. కేరళకూ హైదరాబాద్‌కూ అడ్వాన్సు తీసుకుని కూలికి పోయే కుర్రాడిని అడిగితే పని పోయిందో లేదో చెబుతాడు.

మోషే ధర్మశాస్త్రంలోనూ కాలానికీ అప్పుకూ సంబంధం ఉంది. కానీ తిరగబడ్డ సంబంధం. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ఏడో సంవత్సరం వస్తే అప్పు మాఫీ. దాసుణ్ణి విడిచిపెట్టాలి, వట్టి చేతులతో పంపకూడదు. లేవీయకాండం 25లో యాభయ్యో సంవత్సరం భూమి తిరిగి ఇవ్వాలి. ఫ్రాంక్లిన్ లెక్కలో కాలం గడిచేకొద్దీ అప్పిచ్చినవాడు పెరుగుతాడు. మోషే లెక్కలో కాలం గడిచేకొద్దీ అప్పుపడ్డవాడు విడుదలకు దగ్గరవుతాడు. రెండిటిలో ఒకదాన్నే నమ్మగలం.

‘పెట్టి పుట్టాడు’ తక్కువ తిన్నదా?

ఇంగ్లీష్‌నే ఆడిపోసుకుంటున్నానని ఎవరికైనా అనిపించవచ్చు. తెలుగునూ చూద్దాం. ధనవంతుల ఇంట పుట్టినవాణ్ణి ఇంగ్లీష్‌వాడు నోట్లో వెండి చెంచాతో పుట్టాడు అంటాడు. మనం ‘పెట్టి పుట్టాడు’ అంటాం. అంటే పోయిన జన్మలో దానం చేసుకున్నాడు, ఈ జన్మలో అనుభవిస్తున్నాడు. ఈ మాట వెండి చెంచా కంటే ప్రమాదం. వెండి చెంచా కనీసం కాకతాళీయం అని ఒప్పుకుంటుంది. ‘పెట్టి పుట్టాడు’ మాత్రం వాడి ఆస్తికి న్యాయం అని ముద్ర వేస్తుంది. మాలపల్లెలో పుట్టినవాడు, మాదిగ గూడెంలో పుట్టినవాడు, కోంధ్ గూడెంలో పుట్టినవాడు పెట్టకుండా పుట్టారు అని తీర్పు చెప్పేస్తుంది. బాప్తిస్మం తీసుకున్న మన నోళ్లలో ఈ మాట ఇంకా ఎందుకు ఉంది?

‘సెల్ఫ్ మేడ్ మ్యాన్’ ఇంకో తీరు. తనను తానే తయారుచేసుకున్న మనిషట! తొమ్మిది నెలలు మోసిన తల్లి లేదు, ఫీజు కట్టిన అక్క లేదు, రిజర్వేషన్ తెచ్చిన అంబేద్కర్ లేడు, సృష్టించిన దేవుడూ లేడు. నా సామర్థ్యమే నాకీ భాగ్యం తెచ్చిందని మనసులో అనుకోవద్దని ద్వితీయోపదేశకాండం 8:17 హెచ్చరిస్తుంది. మన ఐశ్వర్య సువార్త బోధకులు దాని పక్కనున్న 18వ వచనాన్ని, భాగ్యం సంపాదించే శక్తి దేవుడిస్తాడన్న మాటను, క్యాలెండర్ల మీద అచ్చు వేయిస్తారు. 17ను వదిలేస్తారు.

అదే అధ్యాయం తొమ్మిదో వచనం చూడండి. వాగ్దాన దేశపు రాళ్లలో ఇనుము ఉందని, కొండల్లో రాగి తవ్వుకోవచ్చని ఉంటుంది. కాబట్టి బైబిలు గనులకు శత్రువు అని నేను అనను. బైబిలు అంటున్నది వేరు. గని దొరికిన వెంటనే మనిషి మరిచిపోతాడు, కాబట్టి బానిసత్వంలోంచి నిన్నెవరు తెచ్చారో గుర్తుపెట్టుకో అంటున్నది. గని గురించిన వచనం, గర్వం గురించిన వచనం ఒకే అధ్యాయంలో ఎందుకున్నాయో మన బోధకులు ఎప్పుడైనా చెప్పారా?

చర్చి ఎలుక బలిసింది

‘పూర్ యాజ్ ఎ చర్చ్ మౌస్.’ చర్చిలో తిండి దొరకదు కాబట్టి చర్చి ఎలుక పేదది అని దీని కథ. నియమగిరి కథ తెలిస్తే ఈ జాతీయాన్ని మార్చుకోవాలి. నియమగిరిని తవ్వాలనుకున్న వేదాంత కంపెనీలో ఇంగ్లండ్ సంఘానికి షేర్లుండేవి. ఆ డబ్బులో పాస్టర్ల పెన్షన్ నిధి కూడా ఉంది. ఆదివాసుల ఉద్యమం లండన్ దాకా వినిపించాక, 2010 ఫిబ్రవరిలో సుమారు 38 లక్షల పౌండ్ల విలువైన ఆ షేర్లను సంఘం అమ్మేసింది. అమ్మినందుకు వాళ్లను మెచ్చుకుందాం. ఇంత పెద్ద సంఘం తన లాభం ఎవరి కొండ నుంచి వస్తోందని అడిగింది, జవాబు విని చేయి వెనక్కి తీసుకుంది.

మన సంఘాలు ఎప్పుడు అడుగుతాయి? ప్రహరీ గోడకు కాంట్రాక్టర్ సిమెంటు ఇస్తే సాక్ష్యం చెప్పిస్తాం. కొత్త కారు కొంటే స్టేజి మీదికి పిలిచి ప్రార్థిస్తాం. నువ్వు తలవు, తోకవు కాదు అని చేతులెత్తిస్తాం. ఎవరి తోక తెగితే ఇతను తల అయ్యాడో అడగం. ‘ఇడియమ్స్’ పాఠంలోని విశ్వాస ప్రమాణాన్నే తెలుగులోకి మార్చి, ముందు ‘దేవుడు’ అనే మాట చేర్చి, ఆశీర్వాదం అని పేరు పెట్టాం.

కోరాపుట్ కొండల్లోకి 1880ల్లో జర్మనీ నుంచి బ్రెక్లమ్ మిషనరీలు వచ్చారు. ఆ సువార్తను ముందుగా అందుకున్నవాళ్లలో ఎక్కువమంది డోమ్ కులస్థులు, ఊరు అంటరానివాళ్లన్న జనం. వాళ్లకు సువార్త అంటే కారు కాదు. తలెత్తి నడవడం. ఆ సువార్తకు వారసులం మనం.

రెండు అభ్యంతరాలు

మన యువకులు అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: డోంగ్రియాలు కొండను దేవుడంటారు, నియమరాజా అంటారు. విగ్రహారాధనను మనమెందుకు వెనకేసుకురావాలి?

సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు ప్రకారం నియమగిరి మీది 12 గ్రామాల్లో గ్రామసభలు జరిగాయి. రాయగడలో 7, కలహండిలో 5. జిల్లా జడ్జీల సమక్షంలో, పోలీసు బలగాల మధ్య, ఒక్కొక్క ఊరు లేచి వద్దు అంది. పన్నెండుకు పన్నెండూ. కింద కోట్ల టన్నుల బాక్సైట్ ఉందని తెలిసి అన్నారు. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. మరి చెప్పండి, లోభం విగ్రహారాధన అని కొలొస్సయులకు 3:5లో పౌలు రాసింది ఎవరి గురించి? కొండను అమ్మనన్నవాడి గురించా, కొండను పొడి చేసి పూజించేవాడి గురించా? భూమి, దాని సంపూర్ణత యెహోవావి అని 24వ కీర్తన పాడతాం. ఆ కీర్తనకు కావలి కాసినవాళ్లు ఆ రోజు డోంగ్రియాలే.

రెండో ప్రశ్న కష్టమైనది. పాస్టరు గారూ, కొండ కోంధ్‌లది. మాకు సెంటు భూమి లేదు. కంపెనీ వస్తే కూలైనా దొరుకుతుంది. మమ్మల్ని పేదలుగానే ఉండమంటారా? ఇది భూమిలేని దళిత క్రైస్తవుల నోటి నుంచి వచ్చే ప్రశ్న. దీన్ని కొట్టిపారేసేవాడు కాపరి కాడు. క్రైస్తవుడైతే దళితుడికి ఎస్సీ హోదా కూడా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు భారం వాళ్ల మీద ఇంకా ఉంది. ఇప్పుడు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న తమ్ముణ్ణి ఉద్యోగం మానేయమని నేను చెప్పను. కానీ ఒక విషయం చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకే కాదు, మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడి బతికే ఇతరులకూ హక్కు ఇస్తుంది. డోమ్ కుటుంబాలు ఆ హక్కు అడగగలవు. కాగితాలు కావాలి, గ్రామసభ కావాలి, ఇంగ్లీష్ చదవగలిగినవాడు కావాలి. ఉద్యోగం ఆశ చూపి దళితుణ్ణి, కొండ ఆశ చూపి ఆదివాసీని విడదీస్తే మధ్యలో లారీ సులువుగా పోతుంది. కాంట్రాక్టు కూలి ఆ లారీ ఉన్నన్నాళ్లే. హక్కు పత్రం మనవళ్ల దాకా.

అహాబు కథ (1 రాజులు 21) గుర్తు చేసుకోండి. రాజు ముందు మర్యాదగానే మాట్లాడాడు. ఇంకా మంచి తోట ఇస్తాను, కాదంటే వెల ఇస్తాను అన్నాడు. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే పరిహారం ప్యాకేజీ. నాబోతు పితరుల స్వాస్థ్యం అమ్మనన్నాడు. అప్పుడేం జరిగింది? రాజు ముద్రతో ఉత్తరాలు పోయాయి. ఊరి పెద్దలతో సభ పెట్టించారు. దొంగ సాక్షులు వచ్చారు. అంతా పద్ధతి ప్రకారమే, కాగితం మీదే జరిగింది.

రాయగడ, కలహండి సరిహద్దులో సిజిమాలి కొండ ఉంది. 2023లో దాని బాక్సైట్ లీజుకు వేదాంత ఎంపికైంది. ఆ ఏడాది నుంచే అరెస్టులు, కేసులు. గ్రామసభలు ఒప్పుకున్నాయని కాగితాలు చెబుతున్నాయి. మేం ఒప్పుకోలేదు, ఆ తీర్మానాలు నకిలీవి అని గ్రామస్థులు అంటున్నారు. ఎవరిది నిజమో ఊరందరి ఎదుట, నియమగిరిలో జరిగినట్టు జడ్జి సమక్షంలో మళ్లీ అడిగితే తేలిపోతుంది. అలా అడగమనడానికి క్రైస్తవ సంఘాలకు భయమెందుకు? నాబోతు గురించి ప్రసంగించిన ప్రతి పాస్టరు ఆ డిమాండ్ మీద సంతకం పెట్టాలి.

ఇప్పుడేం చేయాలి?

యౌవనులారా, ఇంగ్లీష్ బాగా నేర్చుకోండి. అటవీ హక్కుల చట్టాన్ని, సుప్రీంకోర్టు తీర్పును, పర్యావరణ నివేదికను చదివి ఊళ్లో వివరించేంత నేర్చుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తెచ్చుకున్నది మన ఆంధ్ర ఏజెన్సీ. అది ఇంగ్లీష్‌లోనే ఉంది. కొండను తీసుకునేవాడి చేతిలో ఉన్న భాష కొండను కాపాడేవాడి చేతిలోనూ ఉండాలి.

కానీ ప్రతి ఇడియమ్ పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఎవరి దగ్గర్నుంచి? ‘రాగ్స్ టు రిచెస్’ అంటే, ఆ చింకిగుడ్డలు ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఉన్నాయి? ‘స్ట్రైక్ ఇట్ రిచ్’ అంటే, ఆ దెబ్బ ఎవరికి తగిలింది?

సంఘ పెద్దలారా, కానుకల పెట్టె దగ్గర కూడా అదే ప్రశ్న పెట్టండి. జక్కయ్య ఇంట్లో యేసు అతని ఆస్తిని ఆశీర్వదించలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్న తర్వాతే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మన సాక్ష్యాల కూటాల్లో తిరిగి ఇచ్చేసినవాడి సాక్ష్యం విని ఎన్నేళ్లయింది?

కలిమిలేములు కావడి కుండలు అన్నారు మన పెద్దలు. కలిమి ఇవాళ ఒకరికి, రేపు ఒకరికి అని దాన్ని ఓదార్పుగా చెబుతుంటారు. నాకు అందులో కుండల కంటే కావడి బద్ద కనిపిస్తుంది. రెండు కుండలూ ఒకే బద్దకు కట్టి ఉంటాయి. దామన్‌జోడి నుంచి విశాఖ ఓడరేవు దాకా, బలిమెల నుంచి మన ఇంటి బల్బు దాకా ఆ బద్ద సాగి ఉంది. దాన్ని మోసే భుజం ఎవరిదో తెలుసుకోకుండా ధనం గురించి ఏ భాషలో మాట్లాడినా, అది సువార్త కాదు.